బట్ట ఎలా వాలుతుందో ఇంట్లోనే కొలిచి కంప్యూటర్‌లో లెక్కకట్టడం ఎలా?

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మంగళగిరి నేత చీర కుచ్చిళ్లు కాగితం మడిచినట్టు నిలబడతాయి. అదే మనిషి జార్జెట్ చీర కట్టుకుంటే కుచ్చిళ్లు నీళ్లు జారినట్టు కిందికి జారిపోతాయి. ఈ తేడాను చేత్తో తడిమి చెప్పడం చీరలు కొనే ఎవరికైనా వచ్చు. దాన్ని అంకెల్లో చెప్పడం, ఆ అంకెలతో అదే బట్టను కంప్యూటర్ తెర మీద వేలాడదీయడం కూడా అంత కష్టమేమీ కాదు. అర మీటరు నేత బట్ట, ఒక అట్టపెట్టె, స్కేలు, 0.01 గ్రాము దాకా చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, పైథాన్ ఉన్న కంప్యూటర్ ఉంటే చాలు. వంటింటి త్రాసు మాత్రం పనికిరాదు. ఒక్క గ్రాము దగ్గరే తడబడే త్రాసుతో ఒక గ్రాము బట్టను తూచలేం.

మొదటిసారి నేను ఒక్క ముక్క కోసి, ఒక్కసారి కొలిచి, వచ్చిన అంకెను ప్రోగ్రాంలో పెట్టాను. బొమ్మ ముచ్చటగా వచ్చింది. వారం తర్వాత అదే తానులోంచి ఇంకో ముక్క తీసి సరిచూస్తే ఏదీ కలవలేదు. రెండు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికాను. తప్పు ప్రోగ్రాంలో లేదు, బట్టకు ఒకే ఒక్క అంకె ఉంటుందనుకోవడంలో ఉంది. అందుకే కింద చెప్పే ప్రతి కొలతనూ ‘ఇంత’ అని కాక ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని రాసుకోండి. చివర్లో పని మొత్తం ఆ రెండు కొసల మీదే నడుస్తుంది.

బిరుసును కొలవడం

ఈ పరీక్ష 1930లో ఎఫ్.టి. పియర్స్ ప్రచురించిన వ్యాసం నుంచి వచ్చింది. ఆయన మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో పత్తి బట్టల మీద పనిచేసిన శాస్త్రవేత్త. బట్టను చేత్తో తడిమినప్పుడు కలిగే భావాన్ని అంకెగా మార్చాలన్నది ఆయన పట్టుదల. మార్గం చాలా తేలిక. సన్నటి బట్ట పట్టీని బల్ల అంచు దాటించి ముందుకు జరుపుతూ పోతే అది తన బరువుకు తానే వంగుతుంది. బిరుసు బట్ట అయితే చాలా దూరం వెళ్లాక వంగుతుంది, మెత్తటిదైతే అంచు దాటగానే కూలబడుతుంది.

అట్టపెట్టెతో ఒక వాలు చేసుకోండి. పైతలం సమంగా ఉండాలి, దాని అంచు నుంచి కిందికి 41.5 డిగ్రీల వాలు దిగాలి. కోణమానినితో కుస్తీ పడనక్కర్లేదు: అడ్డంగా 20 సెం.మీ. వెళ్లేసరికి నిలువుగా 17.7 సెం.మీ. దిగితే ఆ కోణం వచ్చినట్టే. ఇప్పుడు 2.5 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. పొడవున్న పట్టీలు కోయండి. పడుగు (నిలువు దారాల) దిశలో మూడు, పేక (అడ్డు దారాల) దిశలో మూడు. కోశాక ఇస్త్రీ చేయకండి, వేళ్లతో నలపకండి, ఒక రాత్రి చదునుగా పరిచి ఉంచండి.

పట్టీ మీద స్కేలు పెట్టి రెంటినీ కలిపి నెమ్మదిగా ముందుకు జరపండి. పట్టీ కొస వాలును తాకగానే ఆపి, అంచు దాటి ఎంత పొడవు వేలాడిందో చూడండి. ఒక్కో పట్టీకి నాలుగు కొలతలు తీయాలి: రెండు కొసలు, ఒక్కో కొసకు బట్ట మంచివైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి. మొత్తం ఇరవై నాలుగు అంకెలు వస్తాయి. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఇరవై నాలుగూ ఒకదానితో ఒకటి కలవకపోవడాన్ని మీరు కళ్లారా చూడాలి. కొన్ని పట్టీలు మెలి తిరుగుతాయి. అప్పుడు కొస మధ్యభాగం వాలును తాకిన చోటే లెక్క.

వేలాడిన పొడవులో సగాన్ని వంపు పొడవు అంటారు. 41.5 డిగ్రీల కోణాన్ని ఎంచుకున్నది ఈ సగం లెక్క కోసమే. తర్వాత 10 సెం.మీ. చదరపు ముక్క ఒకటి కోసి తూచండి. దాని బరువును వందతో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. సూత్రం ఇది:

బిరుసు = 0.1 × చదరపు మీటరు బరువు (గ్రాములు) × వంపు పొడవు (సెం.మీ.) ఘనం

ఫలితం మిల్లీగ్రాము-సెంటీమీటర్లలో వస్తుంది. చదరపు ముక్క సరిగ్గా 1 గ్రాము తూగి, పట్టీలు సగటున 4.4 సెం.మీ. వేలాడాయనుకోండి. వంపు పొడవు 2.2, దాని ఘనం సుమారు 10.65, బిరుసు 106. ఇక్కడే ఒక్క క్షణం ఆగండి. మీ కొలతలు 4.0 నుంచి 4.8 దాకా పరుచుకుని ఉంటే, అంటే సగటుకు అటూ ఇటూ 4 మిల్లీమీటర్లే తేడా ఉంటే, బిరుసు 80 నుంచి 138 దాకా పోతుంది. పై కొస కింది కొసకు 1.7 రెట్లు. ఘనం చేసే పని ఇది. స్కేలు మీద కంటికి ఆనని తేడా లెక్కలో కొండంత అవుతుంది. సగటు తీసుకుని మిగతా అంకెలను కొట్టేసేవాళ్లు చేజార్చుకునేది ఇదే.

గంజి పెట్టిన బట్టకు ఇదంతా విడిగా, మళ్లీ చేయాలి. వానాకాలంలో గంజి బట్ట తేమ పీల్చి మెత్తబడుతుందని మన ఇళ్లలో చెప్పనక్కర్లేదు. ప్రయోగశాలలు గాలిలో తేమను 65 శాతం దగ్గర నిలిపి కొలిచేది అందుకే. మీకు ఆ వసతి ఉండదు కాబట్టి కొలిచిన రోజు, వేళ రాసుకోండి.

ఐమూల లాగి చూడడం

బట్ట వంగడమే కాదు, ఐమూలగా సాగుతుంది కూడా. రుమాలును పడుగు వెంట లాగితే సాగదు, మూల నుంచి మూలకు లాగితే సాగుతుంది. అప్పుడు దారాలు సాగడం లేదు, పడుగుకూ పేకకూ మధ్య ఉన్న లంబకోణం నలిగి వాలిపోతోంది. బల్ల మీద పరిచిన గుండ్రటి బట్ట అంచు అందంగా అలలు తిరగడానికి ఈ గుణమే కారణం. కాగితానికి ఇది లేదు, అందుకే కాగితాన్ని అలా పరిస్తే నలుగుతుందే తప్ప వాలదు. బట్ట వాలే తీరు పట్టీలతో కొలిచిన వంపు బిరుసు మీద, ఈ ఐమూల బిరుసు మీద రెంటి మీదా ఆధారపడుతుందని బట్టల పరిశోధకుడు క్యూసిక్ 1965లో చూపించాడు.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. బట్టల కోసం ఫాస్ట్ అనే పరీక్షల వరుసను తయారుచేసింది. అందులో ఐమూల పరీక్షను ఇంట్లో చేసుకోవచ్చు. 45 డిగ్రీల కోణంలో 5 సెం.మీ. వెడల్పు పట్టీ కోయండి. పైన ఒక క్లిప్పు, కింద ఒక క్లిప్పు, మధ్య సరిగ్గా 10 సెం.మీ. ఉండాలి. కింది క్లిప్పుకు చిల్లర నాణేలు కట్టి, క్లిప్పుతో కలిపి 25 గ్రాములు చేయండి. ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో చూడండి. 10 సెం.మీ.కు ఒక్కో మిల్లీమీటరు ఒక్కో శాతం. 123ను ఆ శాతంతో భాగిస్తే ఐమూల బిరుసు మీటరుకు న్యూటన్లలో వస్తుంది. 4 మి.మీ. సాగితే సుమారు 31. అదే 3 మి.మీ. అయితే 41, 5 మి.మీ. అయితే 24.6. ఇక్కడా రెండు కొసలనూ రాసుకోండి.

నిజంగా ఎంత వాలింది?

లెక్క కట్టకముందే జవాబు కొలిచి పెట్టుకోవాలి, లేకపోతే మన లెక్కను మనమే మెచ్చుకుంటూ కూర్చుంటాం. 30 సెం.మీ. వ్యాసమున్న గుండ్రటి బట్ట, 18 సెం.మీ. వ్యాసమున్న రెండు అట్ట బిళ్లలు తీసుకోండి. బట్టను రెండు బిళ్లల మధ్య నడిమికి పెట్టి, పొడుగాటి డబ్బా మీద నిలబెట్టండి. చుట్టూ 6 సెం.మీ. బట్ట వేలాడి మడతలు పడుతుంది. ఆ వేలాడే వలయం పైనుంచి చూస్తే తన పూర్తి వైశాల్యంలో ఎంత శాతం కప్పుతోందన్నదే వాలు గుణకం. అసలు వాలని అట్టముక్కకు 100 శాతం. మెత్తబడే కొద్దీ తగ్గుతుంది.

వైశాల్యం కొలవడానికి క్యూసిక్ చూపిన చిట్కా నాకు చాలా ఇష్టం: నీడను కాగితం మీద గీసి, కత్తిరించి, తూచడం. బిళ్ల మేర తీసేసిన పూర్తి వలయం కాగితం 3.60 గ్రాములు, నీడ మేరకు కత్తిరించిన వలయం 2.16 గ్రాములు తూగితే వాలు గుణకం 60 శాతం. గణితం అవసరమే లేదు, కత్తెర చాలు.

నీడ కోసం టార్చి వాడకండి. దాని కిరణాలు విచ్చుకుంటూ పోతాయి కాబట్టి నీడ ఉబ్బుతుంది. ఫోనుతో పైనుంచి ఫోటో తీయొచ్చు, కానీ ఫోను రెండు మీటర్ల ఎత్తున ఉన్నా, 6 సెం.మీ. కిందికి దిగిన అంచు పొడవులో 3 శాతం, వైశాల్యంలో 6 శాతం చిన్నగా కనిపిస్తుంది. సమాంతర కిరణాలిచ్చే ఉచిత దీపం సూర్యుడు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నేరుగా నెత్తి మీదికి వస్తాడు. నిలువు కర్రకు నీడే పడని ఆ కాసేపట్లో గాలి తగలని పెరట్లో ఈ పరీక్ష చేస్తే ఏ ప్రయోగశాలకూ తీసిపోదు. ఆ రోజుల దాకా ఆగలేకపోతే, ఫోనును వీలైనంత ఎత్తుకు ఎక్కించి ఆ తేడాను లెక్కలో సరిచేసుకోండి.

ఒకసారి చూసి ఆగకండి. బట్టను తీసి మళ్లీ పెట్టండి, అయిదారుసార్లు. ఒకసారి అయిదు మడతలు పడితే ఇంకోసారి ఆరు పడొచ్చు, మడతల చోటు కూడా మారుతుంది. ఇది మీ చేతి తప్పు కాదు. అదే బట్టకు, అదే బిళ్ల మీద, నిలకడగా నిలవగల ఆకారాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. కాబట్టి తెర మీది బొమ్మ ఈ ఫోటోతో మడతకు మడత కలవాలని ఆశపడకండి. వాలు గుణకం కలవాలి, మడతల సంఖ్య దగ్గరగా ఉండాలి.

బట్టను బిందువులుగా మార్చడం

గుండ్రటి బట్టను 5 మి.మీ. గళ్లుగా విడదీసి, ప్రతి గడి మూలలో ఒక బిందువు పెట్టండి. మూడు వేలకు కాస్త తక్కువ బిందువులు వస్తాయి. చదరపు మీటరుకు 100 గ్రాముల బట్ట అయితే ఒక్కో బిందువు బరువు 2.5 మిల్లీగ్రాములు. 9 సెం.మీ. వ్యాసార్ధం లోపలి బిందువులను కదలకుండా బిగించండి, రెండు బిళ్లలు చేసే పని అదే.

పక్కపక్క బిందువుల మధ్య సాగుడు స్ప్రింగులు వేయండి. నిజమైన నేత బట్ట పడుగు వెంట చాలా గట్టిది, కానీ ఇక్కడ ఆ గట్టిదనం మొత్తం అక్కర్లేదు. వేలాడే భాగం బరువు నాలుగున్నర గ్రాములే. స్ప్రింగు బలం మీటరుకు 50 న్యూటన్లు పెడితే సాగేది 0.2 శాతం లోపే. అంతకంటే గట్టి స్ప్రింగు పెడితే లాభం లేకపోగా కాలపు అడుగు (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే సమయం) చిన్నదై లెక్క నత్తనడక నడుస్తుంది.

గడిలో మూల నుంచి మూలకు వేసే స్ప్రింగు బలం దగ్గర అదృష్టం మన వైపే ఉంది. రెండు కర్ణాలకూ స్ప్రింగు వేస్తే, ఒక్కోదాని బలం మీరు కొలిచిన ఐమూల బిరుసుతో సమానం. 31 వస్తే 31 పెట్టేయండి.

వంపు దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక బిందువు వదిలి తర్వాతి బిందువుకు స్ప్రింగు వేసే పద్ధతి కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు ప్రావో 1995 నాటి వ్యాసం నుంచి బాగా వాడుకలో ఉంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ చదునుగా ఉన్న బట్ట కొద్దిగా వంగినప్పుడు ఆ స్ప్రింగు పొడవు దాదాపు మారదు, కాబట్టి అది ఆ కొద్దిపాటి వంపును అడ్డుకోదు. అంటే పియర్స్ పరీక్షలో కష్టపడి సంపాదించిన అంకెను అక్కడ పెట్టడానికి చోటే లేదు. దాని బదులు వరుసగా ఉన్న ప్రతి మూడు బిందువులకూ ఇలా చేయండి: రెండు చివరి బిందువుల స్థానాలు కూడి, మధ్య బిందువు స్థానానికి రెండింతలు తీసేయండి. వచ్చిన సదిశ (దిశ, పరిమాణం రెండూ ఉన్న రాశి) ఆ చోట వంపును చెబుతుంది. దాన్ని ఒక గుణకంతో గుణించి, మధ్య బిందువు మీద రెండింతలు ఆ సదిశ వైపు, చివరి బిందువుల మీద ఒక్కో ఇంత దానికి ఎదురుగా బలం వేయండి. ఆ గుణకం బిరుసును గడి పొడవు వర్గంతో భాగిస్తే వస్తుంది. మన 106ను న్యూటన్-మీటర్లలోకి మారిస్తే 0.0000104, గడి 0.005 మీటర్లు, గుణకం మీటరుకు దాదాపు 0.42 న్యూటన్లు. పడుగు దిశకు పడుగు అంకె, పేక దిశకు పేక అంకె.

ఇక కాలాన్ని ముందుకు నడపాలి. ప్రతి అడుగులో ముందు బలాలతో వేగాన్ని మార్చండి, తర్వాత ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని మార్చండి. ఈ వరుస తారుమారైతే లెక్క పేలిపోతుంది. కొద్దిగా వేగాన్ని మింగే నిరోధం కూడా వేయండి. అది ఎంతన్నది బట్ట నిలవగల ఆకారాలను మార్చదు, వాటిలో దేన్ని చేరుతుందో, ఎంతసేపట్లో చేరుతుందో మాత్రమే మార్చగలదు. బట్ట పూర్తిగా నిలిచేదాకా, అంటే సుమారు మూడు సెకన్ల కాలం, నడపండి.

మొదలుపెట్టేముందు ప్రతి బిందువునూ మిల్లీమీటరులో వందోవంతు మేర అటూ ఇటూ కదపండి. దీన్ని మరిచిపోతే గళ్ల సౌష్ఠవమే ఆకారాన్ని శాసిస్తుంది, మడతలు గళ్ల దిశలనే పట్టుకుని ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తాయి. నిజం బట్టకు అంత క్రమశిక్షణ ఉండదు.

మెత్తటి జార్జెట్‌తో మొదలుపెట్టకండి. దాని మడతలు ఒకదానికొకటి తగులుతాయి. ఆ తాకిడిని లెక్కలోకి తేవడం ఇంకో పెద్ద పని.

పదహారు మూలలు

ఇప్పుడు మీ దగ్గర నాలుగు అంకెలున్నాయి: బరువు, పడుగు బిరుసు, పేక బిరుసు, ఐమూల బిరుసు. నాలుగింటికీ రెండేసి కొసలు. అన్నీ సగటులో పెట్టి ఒక్కసారి నడిపి ఫోటోతో పోల్చాలనిపిస్తుంది. కలవకపోతే బిరుసును కాస్త అటూ ఇటూ జరిపి 60 శాతం వచ్చేలా చేయాలనీ అనిపిస్తుంది. అలా చేయకండి.

యంత్రాల్లాంటి వ్యవస్థలను వాటంతట అవే అదుపులో ఉండేలా చేసే నియంత్రణ శాస్త్రం ఈ ప్రలోభానికి ఒకసారి గట్టిగా దెబ్బతింది. వ్యవస్థను ఒకే ఒక గణిత నమూనాగా తీసుకుని దానికి అత్యుత్తమమైన నియంత్రకాన్ని గణితంతో రూపొందించే పద్ధతి అప్పట్లో మంచి పేరులో ఉంది. నమూనా కాస్త తప్పినా ఆ నియంత్రకం నిలబడుతుందన్న హామీ ఉందా అని జాన్ డాయల్ 1978లో ఒక చిన్న వ్యాసంలో పరిశీలించాడు. ఆ వ్యాసం సారాంశం మొత్తం మూడే ఇంగ్లిషు మాటలు. అలాంటి హామీలేవీ లేవని వాటి అర్థం. దృఢ నియంత్రణ అనే శాఖ పెరిగింది ఈ దిగులులోంచే: సగటు వ్యవస్థకు కాదు, అనుమానం ఉన్న మేరలో ఎక్కడున్నా పనిచేసేలా రూపొందించాలి. అదే 1978లో రష్యన్ గణితవేత్త ఖరితోనోవ్ ఒక చక్కటి ఫలితం ఇచ్చాడు. వ్యవస్థ నిలకడను చెప్పే బహుపది (x² + 3x + 2 లాంటిది) గుణకాలు ఒక్కోటీ తన హద్దుల మధ్య స్వేచ్ఛగా మారుతున్నా, నిలకడను తేల్చడానికి నాలుగు బహుపదులను చూస్తే చాలు. అనంతమైన అనుమానాన్ని నాలుగు మూలలకు కుదించాడు.

మనమూ మూలలే, అంటే ప్రతి అంకెనూ తన కింది కొసలోనో పై కొసలోనో పెట్టిన కలయికలే, చూద్దాం. ముందుగా కాలపు అడుగు. బిందువు బరువును సాగుడు, ఐమూల స్ప్రింగుల బలాల మొత్తంతో భాగించి వర్గమూలం తీస్తే అడుగు అంతకంటే చిన్నగా ఉండాలి. సగటు అంకెలతో ఇది 0.00018 సెకన్లు. కానీ తేలికైన బరువు (చదరపు మీటరుకు 95 గ్రాములు), గట్టి ఐమూల (41) కలిసిన మూలలో 0.00016కు దిగుతుంది. సగటును నమ్మి 0.00017 పెట్టినవాళ్ల బట్ట ఆ మూలలో ముక్కలై తెర బయటికి ఎగిరిపోతుంది. 0.0001 పెట్టి నిశ్చింతగా ఉండండి.

తర్వాత నాలుగు అంకెల కింది, పై కొసలను అన్ని రకాలుగా కలపండి. రెండును నాలుగుసార్లు గుణిస్తే పదహారు. పదహారుసార్లు నడిపి, ప్రతిసారీ పైనుంచి చూసిన వైశాల్యంతో వాలు గుణకం లెక్కించండి. అతి చిన్నది, అతి పెద్దది రాసుకోండి. మీరు కాగితం తూచి తెచ్చిన 60 ఆ రెంటి మధ్య పడితే, నమూనాను కాదనడానికి మీ దగ్గర కారణం లేదన్నమాట. బయట పడితే అంకెలను జరపకండి. హద్దుల్లో ఏ అంకె పెట్టినా కలవదనే పదహారు మూలలూ సూచిస్తున్నాయి. నమూనాలోనే ఏదో లోపించింది: బిళ్ల అంచు దగ్గర బిగింపు సరిగ్గా లేకపోవచ్చు, దారాల మధ్య రాపిడి బట్టను మధ్యలోనే ఆపేసి ఉండొచ్చు. బట్టను బిళ్లతో సహా రెండుసార్లు మెల్లగా ఎత్తి దింపి మళ్లీ కొలవండి. రాపిడి వల్ల ఆగినదైతే అంకె మారుతుంది.

ఖరితోనోవ్ ఫలితం బహుపదులకు సంబంధించింది, బట్టకు ఆ హామీ లేదు. అయిదు మడతలు ఆరుగా మారే చోట వాలు గుణకం ఒక్కసారిగా గెంతొచ్చు, ఆ గెంతు మూలలో కాక మధ్యలో ఎక్కడో ఉండొచ్చు. కాబట్టి హద్దుల లోపల ఎక్కడెక్కడో ఎంచిన ఇరవై చోట్ల కూడా నడిపి చూడండి. ఇంకో సంగతి. గంజి పడుగునూ పేకనూ రెంటినీ కలిపి బిరుసు చేస్తుంది. పడుగు అతి బిరుసు, పేక అతి మెత్తన అనే మూల గంజి తేడాల వల్ల ఎప్పటికీ రాదు. అలాంటి మూలల వల్ల మీ మేర అనవసరంగా వెడల్పవుతుంది. గంజి ఉన్న కొలతలు, లేని కొలతలు ఒకే గుంపులో కలపకుండా రెండు గుంపులు చేసుకుంటే ఆ వెడల్పు చాలావరకు తగ్గుతుంది.

ఒక కొలతకు పనికొచ్చిన నమూనా ఇంకో కొలతకు పనికొస్తుందా అన్నది చూడాలంటే 30 బదులు 24 సెం.మీ. బట్టతో, అదే బిళ్ల మీద మొత్తం మళ్లీ చేయండి. అప్పుడు వేలాడేది 3 సెం.మీ.లే, వంపు పొడవేమో 2.2 సెం.మీ.లే. బట్ట దాదాపు గొడుగులా నిలబడుతుంది. బొమ్మల కొలువులో బొమ్మకు చుట్టిన చీర, అదే బట్టతో అమ్మ కట్టుకున్న చీరలా వాలకపోవడానికి కారణం ఇదే. బట్ట మారలేదు, వంపు పొడవుతో పోలిస్తే వేలాడే పొడవు చిన్నదైంది. నమూనా ఈ చిన్న బట్టకు కూడా, ఒక్క అంకె మార్చకుండా, సరైన మేర చెప్పాలి. 30కి కలిసి 24కు కలవకపోతే 30 దగ్గర కలవడం కాకతాళీయం.

కోసిన పట్టీలను పారేయకండి. ఒక్కోదాని చివర పెన్నుతో పడుగో పేకో, ఎన్ని ఉతుకుల తర్వాతదో, గంజి ఉందో లేదో రాసి కవరులో దాచండి. జూలైలో వానలు పట్టాక అవే పట్టీలను అదే అట్టపెట్టె వాలు మీద మళ్లీ జరిపి చూడండి.